పోలీసోడి పగ కథ: ఇంటర్వెల్ దగ్గర ఎక్కడ తేడా కొడుతోంది?

కొత్తకాగితం
కథ ఇది. హీరో విజయవాడ వన్‌టౌన్ సీఐ. తమ్ముడిని కృష్ణలంకలో నరికేస్తారు. హీరో కేసు తనే తీసుకుని, నలుగురిని ఎత్తుకొచ్చి లాకప్‌లో నిజం కక్కిస్తాడు. ఎమ్మెల్యే ఫోన్ కొట్టగానే కమిషనర్ సస్పెండ్ చేస్తాడు. హీరో బెల్టు, టోపీ, రివాల్వర్ టేబుల్ మీద పడేసి నడుచుకుంటూ వెళ్లిపోతాడు. ఇంటర్వెల్. సెకండాఫ్‌లో ఒక్కొక్కడినీ వేసేసి చివర్లో మళ్లీ డ్యూటీలో చేరతాడు. కథాకాలం 2025. విన్నవాళ్లంతా "బావుంది గానీ ఎక్కడో చూశాం" అంటున్నారు. సెకండాఫ్ ఇరవై నిమిషాలకే జారిపోతోంది. డిపార్ట్‌మెంట్ పద్ధతులు, ఫైట్ల పని తెలిసినవాళ్లు కాస్త మొహమాటం లేకుండా చెప్పండి.

నేలటికెట్టు
నడిచి వెళ్లేటప్పుడు వెనకాల వర్షం పడుతోందా, జీపు పేలుతోందా? అది చెప్పకుండా ఇంటర్వెల్ అంటే ఎలా గురూ.

సీడీఫైలు
తేడా ఇంటర్వెల్‌లో లేదు, పదో నిమిషంలో ఉంది. వన్‌టౌన్ సీఐకి కృష్ణలంక హత్య కేసు రాదు. నేరం ఎక్కడ జరిగితే ఆ స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్. వేరే స్టేషన్‌కి వెళ్లి ఫిర్యాదు ఇచ్చినా తీసుకోవాల్సిందే, జీరో నంబరు వేసి సంబంధిత స్టేషన్‌కి పంపుతారు. స్టేషన్ సంగతి పక్కన పెట్టినా హతుడి సొంత అన్నని దర్యాప్తు అధికారిగా పెట్టరు. పెడితే డిఫెన్స్ లాయర్‌కి మొదటి రోజే పండగ.

మరి హీరో ఎవరు? ఫిర్యాదుదారు. లేదా సాక్షి. శవ పంచనామాలో రక్తసంబంధీకుడు. నీ కథలో లేని సీన్ అదే. ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) మార్చురీ బయట చెక్క బెంచీ. కృష్ణలంక ఎస్సై హీరోకన్నా ఒక మెట్టు కింద, వయసులో పదేళ్లు చిన్న. ఫారం మోకాలి మీద పెట్టుకుని "సార్, ఆఖరుసారి ఎప్పుడు చూశారు సార్?" అని అడగాలి. ఈ ప్రశ్న హీరో జీవితంలో కొన్ని వందల మందిని అడిగి ఉంటాడు. ఎస్సై తడబడి ఒక కాలమ్ వదిలేస్తే హీరోనే వేలు పెట్టి చూపిస్తాడు: "ఇది కూడా నింపాలి." ఏడుపు పాట అక్కర్లేదు.

ఇక లాకప్‌లో నిజం కక్కించడం. పోలీసు దగ్గర ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యం కాదు. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో 25, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 23. వాడు చెప్పినదాన్ని బట్టి కత్తి దొరికితే, ఆ దొరకడానికి సంబంధించిన మాట వరకే పనికొస్తుంది. ఆ కత్తి కూడా మధ్యవర్తుల సమక్షంలో తీయాలి, కొత్త చట్టాలు అమల్లోకొచ్చిన 2024 జులై 1 తర్వాత కేసు కాబట్టి సోదా, స్వాధీనం మొత్తం ఫోన్‌లోనైనా వీడియో తీయాలి. హీరో ముందే వెళ్లి వాడిని చితక్కొట్టి కత్తి ఎక్కడుందో తెలుసుకుని తీశాడనుకో, ఆ కత్తి కేసులో చచ్చిన పామే.

నీ సెకండాఫ్ ఇంజను ఇదే బ్రో. హీరో కొట్టిన ప్రతి దెబ్బకీ అవతల కృష్ణలంక స్టేషన్‌లో సీడీ (కేసు డైరీ) ఫైల్లో ఒక కాగితం చెల్లకుండా పోతుంది. విలన్ లాయర్ దాన్ని లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడు. ఎమ్మెల్యే ఫోన్ అవసరమే లేదు.

నేలటికెట్టు
అన్నా, జనం సెక్షన్లు వినడానికి రారు. ఎలివేషన్ కోసం వస్తారు.

సీడీఫైలు
సెక్షన్ నంబరు డైలాగ్‌లో పెట్టమనలేదు. పెడితే సరిగ్గా పెట్టు అంటాను. ఇప్పుడు జరిగే కథలో "త్రీనాట్‌టూ కింద లోపలేస్తా" అంటే తప్పు, హత్య ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 103. ఫ్లాష్‌బ్యాక్‌లో నేరం 2024 జులై 1కి ముందు జరిగి ఉంటే మాత్రం పాత ఐపీసీనే, అక్కడ 302 కరెక్ట్. ఎలివేషన్‌కి గడియారం కావాలి. చట్టం ఊరికే ఇస్తోంది, తీసుకో. అరెస్టు చేసిన 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి, ప్రయాణం టైము కాకుండా. పోలీసు కస్టడీ మొత్తం 15 రోజులు. ఇదివరకులా మొదటి 15 రోజుల్లోనే వాడేయక్కర్లేదు, హత్య లాంటి కేసుల్లో మొదటి 60 రోజుల లోపు ముక్కలుముక్కలుగా అడగొచ్చు. ఛార్జిషీటు 90 రోజుల్లో పడకపోతే నిందితుడికి బెయిల్ హక్కుగా వచ్చేస్తుంది.

తొంభై రోజులు. సెకండాఫ్ మొత్తానికి ఒకే ఒక క్యాలెండర్ గోడ మీద తగిలించు, చాలు.

కొత్తకాగితం
ఇది బావుంది. మరి సస్పెన్షన్ సీన్? బెల్టు పడేయడం తీసేయమంటారా? అదే ట్రైలర్ షాట్ అనుకున్నాను.

సీడీఫైలు
పడేయడం తీసెయ్. ముందు మాట, మామూలుగా ఒక్కసారే సస్పెండ్ చేయరు, వీఆర్‌కి పంపుతారు. పోస్టింగ్ లేకుండా కూర్చోబెట్టడం. ఊళ్లో వాళ్లకి కూడా తెలిసిన మాట అది, పేపర్లో రోజూ వస్తుంది. తర్వాత సస్పెన్షన్. సస్పెండైనవాడు ఉద్యోగంలో లేనట్టు కాదు. సగం జీతం మేరకు జీవనభృతి వస్తుంది, చెప్పిన హెడ్‌క్వార్టర్స్ దాటి పోవాలంటే అనుమతి కావాలి. హీరో బెజవాడ దాటి గుంటూరు వెళ్లడమే ఒక ఉల్లంఘన, బ్యారేజీ అవతలి ఒడ్డుకి అడుగు పెట్టినా అంతే. వాడుకో.

ఇక తుపాకీ. సీఐకి రివాల్వర్ కన్నా 9 ఎంఎం పిస్టల్ సహజం. మ్యాగజైన్‌లో 13 రౌండ్లు, అంటే తూటాలు. దాన్ని ఎవరి టేబుల్ మీదా పడేయరు. ఆయుధాగారంలో అప్పజెప్పాలి. ఆయుధాలు చూసే ఆర్మరర్ స్లైడ్ వెనక్కి లాగి ఛాంబర్ ఖాళీనా చూస్తాడు, పిస్టల్ మీద నంబరు చదివి రిజిస్టర్‌తో సరిపోలుస్తాడు, మ్యాగజైన్‌లోంచి రౌండ్లు బొటనవేలితో ఒక్కొక్కటీ తోసి చెక్క బల్ల మీద నిలబెడతాడు. టక్. టక్. పన్నెండు. మళ్లీ మ్యాగజైన్‌లో వేలు పెట్టి చూస్తాడు. తల ఎత్తి హీరో మొహం చూస్తాడు.

ఇంటర్వెల్ అక్కడ వెయ్.

నేలటికెట్టు
ఒప్పుకున్నాను మహాప్రభో. ఈలలు నావే.

కత్తెరమాస్టారు
ఈ ఇంటర్వెల్‌కి బీజీఎం ఆపాలి, పెంచకూడదు. రౌండ్ బల్లని తాకే చప్పుడు ఒక్కటే. పన్నెండో రౌండ్ దాకా ఒకే లయ, పన్నెండు తర్వాత ఆ లయ ప్రకారం పదమూడో చప్పుడు రావాల్సిన చోట నిశ్శబ్దం. ఎడిటింగ్‌లో ఆ ఖాళీని ఒకటిన్నర రెట్లు సాగదీయండి, అంతకు మించితే థియేటర్లో ఎవడో ఒకడు అరుస్తాడు, మూడ్ పోతుంది.

కొత్తకాగితం
సరే, క్లైమాక్స్‌లో ఎన్‌కౌంటర్ చేసి మెడల్ తీసుకోవడం కూడా పోయినట్టేనా?

సీడీఫైలు
2014లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వర్సెస్ మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు పదహారు మార్గదర్శకాలు ఇచ్చింది. ఎన్‌కౌంటర్‌లో మనిషి పోతే ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి. దర్యాప్తు సీఐడీ గానీ వేరే స్టేషన్ బృందం గానీ చేయాలి, దాన్ని చూసే అధికారి కాల్చిన బృందం నాయకుడికన్నా కనీసం ఒక ర్యాంకు పైన ఉండాలి. మేజిస్టీరియల్ విచారణ. కాల్చినవాళ్లు ఆయుధాలు ఫోరెన్సిక్ పరీక్షకి అప్పజెప్పాలి. మెడల్, ప్రమోషన్ వెంటనే ఇవ్వకూడదని కూడా అందులోనే ఉంది. కాబట్టి శవం పక్కనే శాల్యూట్, ఆ తర్వాత గ్రూప్ ఫోటో వద్దు. నీ హీరో సస్పెన్షన్‌లో ఉండి చంపితే అది ఎన్‌కౌంటర్ కూడా కాదు, నేరుగా హత్య. ఆత్మరక్షణ నిరూపించుకోవాల్సింది అతనే.

ఇంకోటి. ఆ పదమూడో రౌండ్‌ని సర్వీస్ పిస్టల్‌లో పెట్టి కాల్చి ఉంటే దాచలేడు. బుల్లెట్ మీద బ్యారెల్ గీతలు, ఖాళీ తొడుగు మీద ఫైరింగ్ పిన్ను గుర్తు ఉంటాయి. పిస్టల్ ఇప్పుడు ఆయుధాగారంలో ఉంది కాబట్టి పోల్చి చూడటం ఒక్కరోజు పని. ప్రేక్షకుడికి ఇది ముందే చెప్పెయ్, అప్పుడు హీరో ఏం చేసినా భయం ఉంటుంది.

రంగులపెట్టె
కాస్ట్యూమ్ వైపు నుంచి కొన్ని, ఎందుకంటే ఇవే మొదట దొరికిపోతాయి.

సీఐకి భుజం మీద మూడు నక్షత్రాలు, కింద ఎరుపు నీలం రిబ్బన్. ఏసీపీకి మూడు నక్షత్రాలే, రిబ్బన్ ఉండదు. ఈ రెండూ తారుమారు చేసిన సినిమాలు లెక్కలేనన్ని. ఎస్సైకి రెండు నక్షత్రాలు, రిబ్బన్. ఏఎస్సైకి ఒకటి, రిబ్బన్. హెడ్ కానిస్టేబుల్‌కి చేతి మీద మూడు పట్టీలు. డీసీపీ ఎస్పీ ర్యాంకు అయితే అశోక చిహ్నం, ఒక నక్షత్రం. ఐజీ నుంచి పైకి ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన కత్తి, బ్యాటన్. విజయవాడ కమిషనరేట్ కాబట్టి సిటీలో డీఎస్పీ అనకండి, ఏసీపీ. ఎస్పీ అనకండి, డీసీపీ.

హీరో యూనిఫాం ఆరు జతలు కుట్టించాలి. రెండు శుభ్రమైనవి, ఒకటి చెమట మరకలకి, రెండు రక్తం ఫైట్‌కి, ఒకటి ఒక సైజు పెద్దది, లోపల ప్యాడ్లు, హార్నెస్ (తాడుకి వేలాడే బెల్టు) పట్టడానికి. డూపుకి వేరే. ఆరు జతల బట్టా ఒకే తాను నుంచి తీయకపోతే ఖాకీ రంగు షాటు షాటుకీ మారుతుంది, డీఐలో (చివర రంగులు దిద్దే దశ) సరిచేస్తే మొహం రంగు పోతుంది.

రక్తం: లిక్విడ్ గ్లూకోజ్ ఒక కప్పు, నీళ్లు పావు కప్పు, ఎర్ర ఫుడ్ కలర్ రెండు చెంచాలు, కోకో పొడి ఒకటిన్నర చెంచా. కోకో ముందు గోరువెచ్చని నీళ్లలో కలపాలి, లేకపోతే ఉండలు కడుతుంది. కోకో వేయకపోతే గులాబీ షర్బత్‌లా మెరుస్తుంది, ఎక్కువైతే చాక్లెట్. ఖాకీ మీద ఎరుపు గోధుమరంగుకి తిరుగుతుంది కాబట్టి బట్ట మీదకి కోకో తగ్గించి, చర్మం మీదకి పెంచాలి. ఉతికి మళ్లీ వాడాల్సిన జత అయితే గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు కలపండి, మరక తేలిగ్గా వదులుతుంది. నోట్లోంచి కారే రక్తంలో మాత్రం అది పొరపాటున కూడా కలపకూడదు, దానికి వేరే సీసా, వేరే లేబుల్. ఇంకోటి, ఔట్‌డోర్‌లో గ్లూకోజ్‌కి చీమలు, ఈగలు. శవం వేషం వేసినవాడు కదలకుండా పడుకోవాలి పాపం.

సెకండ్‌యూనిట్
ఫైట్ల గురించి. బ్యారేజీ మీద ఫైట్ రాసుంటే ఒకసారి ఆలోచించండి. ప్రకాశం బ్యారేజీ 1957 నాటిది, పొడవు కిలోమీటరుకి పైనే, 70 గేట్లు. పైన రోడ్డు ఇరుకు, రెండు ఊళ్ల మధ్య ట్రాఫిక్. ఇరిగేషన్ వాళ్ల అనుమతి, పోలీసు అనుమతి, రాత్రి కొన్ని గంటలే దొరుకుతుంది. కాబట్టి అక్కడ నడక, ఛేజ్, వైడ్ షాట్లు తీసుకుని కొట్లాట సెట్‌లో వేసిన ముప్పై అడుగుల రెయిలింగ్ దగ్గర చేయడం మేలు. కారు తిప్పేయడం అక్కడ కుదరనే కుదరదు.

కారు గాల్లోకి లేవాలంటే పైప్ ర్యాంప్. ఒక పక్క చక్రాలు ఏటవాలు పైపు ఎక్కుతాయి, కారు దానంతటదే దొర్లుతుంది. సుమోలు బాంబు లేకుండా ఎగిరే రోజులు పోయాయి, ఇప్పుడు జనం వెంటనే నవ్వుతారు. తిప్పే కారుకి ముందు చేయాల్సినవి: లోపల రోల్ కేజ్ (ఇనుప చట్రం) వెల్డింగ్, అసలు ట్యాంకు తీసేసి రెండు మూడు లీటర్లు పట్టే చిన్న ట్యాంకు, బ్యాటరీ బిగింపు, ఎయిర్‌బ్యాగ్ కనెక్షన్ పీకేయడం, పక్క అద్దాలు తీసేయడం, డ్రైవర్‌కి ఐదు పాయింట్ల బెల్టు. బయట ఫైర్ వాళ్లు, అంబులెన్స్ ఇంజను ఆన్‌లో. ర్యాంప్ పైపు మీద మంచు పడినా, నీళ్లు చల్లినా చక్రం జారి కారు తిరగకుండా పక్కకి పడుతుంది. రాత్రి షూట్‌లో తెల్లవారుజామున ఈ షాట్ పెట్టుకోకూడదు అనేది అందుకే.

చేతి ఫైట్: గుద్దు మొహానికి జానెడు దూరంలో పోవాలి, కెమెరా గుద్దే చెయ్యి, తినే మొహం ఒకే వరసలో పడేలా ఉండాలి. 85 లేదా 100 ఎంఎం లెన్స్ అయితే ఆ జానెడు ఖాళీ కనపడదు. పక్క నుంచి 24 లెన్స్ పెడితే గాల్లో చేతులూపుతున్నట్టు ఉంటుంది. తినేవాడు గుద్దు వచ్చాక తల తిప్పడం కాదు, గుద్దు మొహాన్ని దాటుతుండగా తిప్పాలి. కొత్త ఫైటర్లతో తేడా వచ్చేది ఇక్కడే, భయంతో ముందే తిప్పేస్తారు.

లాఠీలు దూరం షాట్లకే అసలు వెదురు. దగ్గరి దెబ్బకి లోపల సన్న పైపు, పైన ఫోమ్, ఆపైన రంగు. అద్దాలకి పంచదార గాజు బెజవాడ ఉక్కపోతకి ఆగదు, తేమ పీల్చి జిగటగా వంగుతుంది. రెసిన్ గాజు తీసుకోండి, ధర ఎక్కువే.

గ్రేకార్డు
ఆయుధాగారం సీన్ విని సంతోషం వేసింది, కానీ అక్కడ ట్యూబ్‌లైట్లు పెడతారు కదా, జాగ్రత్త. మన కరెంటు 50 హెర్ట్జ్. సెకనుకి 24 ఫ్రేములకి షట్టర్ కోణం 180 డిగ్రీలు పెడితే వెలుగు అలలాడే ప్రమాదం ఉంది, 172.8 పెట్టాలి. గుద్దులు చురుగ్గా రావాలని ఫైట్ మాస్టర్ 22 ఫ్రేములు అడుగుతాడు, అప్పుడు 158.4. రౌండ్ బల్ల మీద నిలబడే క్లోజప్ 120 ఫ్రేముల్లో తీయాలనిపిస్తుంది. ట్యూబ్‌లైట్ కింద అది ఏ షట్టర్‌కీ కుదరదు, ఫ్లికర్ లేని ఎల్‌ఈడీ ట్యూబులు మార్చుకోవాల్సిందే. పైగా 24 నుంచి 120కి వెళ్తే వెలుగు ఐదింతలు కావాలి, అంటే రెండుంపావు స్టాపులకి కాస్త పైనే (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు).

పోలీసు జీపు ఎరుపు నీలం లైట్లు రోలింగ్ షట్టర్‌లో (ఫ్రేముని పై నుంచి కిందికి వరసగా చదివే కెమెరా) సగం ఫ్రేము ఎరుపు, సగం మామూలు చూపిస్తాయి. టెస్ట్ తీసుకోకుండా రాత్రి ఛేజ్‌కి వెళ్లొద్దు.

నేలటికెట్టు
గన్ ఫైరింగ్‌లో మంట కొన్నిసార్లు కనపడదు, అది కూడా ఇదేనా?

గ్రేకార్డు
అదే. మంట సెకనులో కొన్ని వేలవ వంతు. ఆ సమయానికి షట్టర్ మూసి ఉంటే ఫ్రేములో పడదు. అందుకే ఇప్పుడు చాలామంది డమ్మీ గన్‌తో తీసి మంట గ్రాఫిక్స్‌లో వేస్తారు. ఒక ఫ్రేము మంట, పక్క ఫ్రేములో పొగ, మొహం మీద ఒక ఫ్రేము నారింజ వెలుగు. మొహం మీద వెలుగు మర్చిపోతేనే అతికించినట్టు ఉంటుంది. సెట్‌లో చిన్న ఫ్లాష్ లైట్ పేల్చి పెట్టుకుంటే ఆ బాధ సగం తీరుతుంది.

సెకండ్‌యూనిట్
డమ్మీనే వాడండి, అందులో రెండో మాట లేదు. బ్లాంక్ అంటే బుల్లెట్ లేదు గానీ మందు, వేడి గాలి, లోపలి అడ్డు బయటికి దూసుకొస్తాయి, దగ్గర్లో ఉంటే ప్రాణం పోతుంది. 1993లో బ్రాండన్ లీ చనిపోయింది బ్యారెల్‌లో ముందే ఇరుక్కున్న బుల్లెట్ కొనని బ్లాంక్ తోసేయడం వల్ల. 2021లో అమెరికాలో ఒక సెట్ మీద అసలు రౌండే తుపాకీలో ఉంది, కెమెరావుమన్ పోయింది. కాబట్టి డమ్మీ అయినా ప్రతి టేకుకీ ముందు ఒకే మనిషి తెరిచి చూపించాలి. గురి నటుడి మీద కాదు, పక్కకి ఒక అడుగు. కెమెరా యాంగిల్ దాన్ని సరిచేస్తుంది.

మీ ఆర్మరర్ బల్ల మీద నిలబెట్టే రౌండ్లు కూడా డమ్మీలే. అడుగున ప్రైమర్ (మందు అంటించే బిళ్ల) లేదని చూసుకోండి, ఆ గుంట క్లోజప్‌లో కనపడకుండా నిలబెట్టండి.

కత్తెరమాస్టారు
సెన్సార్ సంగతి స్క్రిప్ట్ దశలోనే తేల్చుకోండి. 2024 నుంచి యూఏ సర్టిఫికెట్‌లోనే మూడు మెట్లు: 7+, 13+, 16+. ఆపైన ఏ. కత్తి దిగడం, మాంసం కనపడటం ఎక్కువసేపు ఉంటే ఏ వైపు జరుగుతుంది. ఏ వచ్చిందంటే పద్దెనిమిది లోపు వాళ్లు థియేటర్‌కి రారు, టీవీకి అమ్మాలంటే మళ్లీ కోసి వేరే సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. నిర్మాత అక్కడే ముడుచుకుంటాడు. అప్పిలేట్ ట్రైబ్యునల్ 2021లో ఎత్తేశారు కాబట్టి సెన్సార్ బోర్డు రివైజింగ్ కమిటీతో పని కాకపోతే హైకోర్టే దారి.

అందుకని ప్రతి చావునీ రెండు రకాలుగా తీసి పెట్టుకోండి. ఒకటి దెబ్బ పడేది, ఒకటి దెబ్బ చూస్తున్న మొహం. కోత పడితే సీను కుంటకుండా రెండోది అతుకుతుంది. బూతులకి మ్యూట్ పడితే వెనక శబ్దం కూడా చచ్చిపోయి గుంట పడినట్టుంటుంది, డైలాగ్ ట్రాక్, ఎఫెక్ట్స్, బీజీఎం విడివిడిగా ఉంచుకోండి. హీరో సిగరెట్ కాల్చే షాట్లు వీలైనంత తగ్గించండి. కాల్చిన ప్రతిచోటా కింద హెచ్చరిక పడుతుంది, ఆర్మరర్ సీన్‌లో కూడా పడితే మీ నిశ్శబ్దం గోవిందా. డాగ్ స్క్వాడ్ ఉంటే జంతు సంక్షేమ బోర్డుకి షూటింగ్ ముందే దరఖాస్తు చేయాలి. తర్వాత పెట్టుకుంటే విడుదల వారంలో ఫైలు పట్టుకుని తిరగాలి.

నేలటికెట్టు
హీరో ప్లేస్‌లో హీరోయిన్‌ని పెడితే? 1990లో కర్తవ్యం ఆడింది, విజయశాంతికి నేషనల్ అవార్డు కూడా వచ్చింది. ఇప్పుడెందుకు ఎవరూ రాయట్లేదు?

సీడీఫైలు
ఈ కథకి ఇబ్బందేం లేదు. మార్చురీ బెంచీ సీన్ ఇంకా బరువెక్కుతుంది. కానీ దానికి వేరే చర్చ పెట్టు, ఇక్కడ కలిపితే గందరగోళం.

కొత్తకాగితం
సరే, ఇప్పటిదాకా మార్చింది. హీరో దర్యాప్తులో లేడు. కృష్ణలంక ఎస్సై మీద ఒత్తిడి పెడుతూ పక్క నుంచి తనే వెతుకుతాడు. అనుమానితుడి ఫోన్ కాల్ డేటా తెప్పించుకుని కదలికలు చూస్తాడు. ఒకడిని కొడతాడు, కత్తి దొరుకుతుంది, అది కోర్టులో చెల్లదు. వీఆర్, సస్పెన్షన్, పన్నెండు రౌండ్లు. సెకండాఫ్ తొంభై రోజుల క్యాలెండర్. చివర్లో హీరో సాక్షి బోనులో నిలబడి తను కొట్టానని ఒప్పుకుంటేనే మిగతా సాక్ష్యం నిలబడుతుంది. ఉద్యోగం పోతుంది. ఇది ఫ్లాట్ అవుతుందా?

సీడీఫైలు
కాదు. ఒక్క దిద్దుబాటు. కాల్ డేటా హీరో చేతికి ఊరికే రాదు. ఏ కేసు నంబరు మీద, ఎవరి అనుమతితో అడిగారన్నది రికార్డవుతుంది. తన స్టేషన్‌లోని వేరే కేసు నంబరు మీద తెప్పించుకున్నాడని పెట్టు, రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో అదే బయటికి లాగుతారు. టవర్ లొకేషన్ ఇంటి నంబరు చెప్పదు, సిటీలో కొన్ని వందల మీటర్ల వృత్తం, పల్లెల్లో కిలోమీటర్లు. మ్యాప్ మీద ఎర్ర చుక్క వెలిగి నడవడం వద్దు.

కత్తెరమాస్టారు
బోను సీన్‌లో ఒప్పుకునే డైలాగ్ ఎంత ఉంది? పేజీ దాటితే కోత నేనే వేస్తా.

కొత్తకాగితం
రెండున్నర పేజీలు. తగ్గిస్తాను. పదమూడో రౌండ్ ఎక్కడుందో ఇంకా తేల్చుకోలేదు.

సెకండ్‌యూనిట్
కాల్చొద్దు. తమ్ముడి ఫోటో వెనకో, అమ్మ పూజ గదిలోనో దొరకనివ్వండి. ఫైట్ ఒకటి తగ్గుతుంది, నాకు పని పోతుంది గానీ కథకి మంచిది.

రంగులపెట్టె
పూజ గది అయితే కుంకుమ భరిణెలో పెట్టండి, ఇత్తడి మీద ఇత్తడి, వెంటనే కనపడదు. ఇంకోటి కంటిన్యుటీ పుస్తకంలో ఇప్పుడే రాసుకోండి: సస్పెండయ్యాక ఇంట్లో దండెం మీద ఆరేసిన చొక్కాకి పేరుపలక ఉండదు, కానీ అది గుచ్చిన చోట రెండు పిన్ను చిల్లులు, చుట్టూ వెలిసిపోని ఖాకీ చారిక కనపడాలి. కొత్త చొక్కా తగిలిస్తే ఆ చారిక రాదు, వాడిన జతే కావాలి.